లోపలి మేస్త్రి

మొన్న మంగళవారం, రెండో పీరియడ్ అయిపోయి స్టాఫ్ రూములో టీ తాగుతుంటే నంద్యాల నుంచి ఫోన్ వచ్చింది. గాంధీచౌక్ పక్క సందులో సెల్‌ఫోన్ కొట్టు నడిపే మనిషి. ఆయన ఫోన్ చేయడం నాకు కొత్త కాదు. ఎప్పుడు చేసినా "పెద్దమ్మ మాట్లాడతాదంట మేడం" అని చెప్పి, ఫోన్ తీసుకెళ్లి ఆమె చెవికి ఆనించేవాడు. ఈసారి తనే మాట్లాడాడు.

"పెద్దమ్మ పాయ మేడం. తెల్లారి లేపితే లేయలే. కూతురు వచ్చినాది. రేడియో మీ కాడ ఉండాది గదా, దాని సంగతి ఏందీ అని అడగమనింది."

నేను "సరే" అన్నాను. ఏం సరేనో నాకే తెలియదు. మూడో పీరియడ్ గంట కొట్టారు. వెళ్లి సెకండియర్ పిల్లలకు పాఠం చెప్పాను. ఏ పాఠమో చెబితే కావాలని కల్పించానంటారు, కాబట్టి చెప్పను.

ఆ రేడియో ఆళ్లగడ్డలో మా ఇంట్లో, భోజనాల బల్ల చివర పాత తువ్వాలు కప్పుకొని ఉంది. ఏడాదిగా అక్కడే ఉంది. పాడదు. పాడకపోవడానికి కారణం నేను. ఆ సంగతి ఆమెకు చెప్పకుండానే ఆమె వెళ్లిపోయింది.

ఆమె పేరు ఇక్కడ రాయను. కొట్టు బోర్డు మీద భర్త పేరే ఉండేది. ముప్పై నలభై ఏళ్లపాటు నంద్యాలలో రేడియో ఉన్న ప్రతి ఇంటివాళ్లూ ఆమెను "లోపలి మేస్త్రి" అనే ఎరుగుదురు. ఆ మేస్త్రి ఆడమనిషని మాత్రం ఎరగరు.

సంగతి ఏమిటంటే, ముందు గదిలో ఆమె భర్త, సాయబు, కూర్చునేవాడు. మంచి మాటకారి. రేడియో తెచ్చినవాడిని కూర్చోబెట్టి, సెట్టును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది లోపల మేస్త్రీకి చూపీయాల" అనేవాడు. నడిమి గుమ్మానికి ముతక గుడ్డ తెర ఉండేది. తెర కింద నుంచి రేడియో లోపలికి వెళ్లేది, రెండు రోజులకు పాడుతూ బయటికి వచ్చేది. లోపల పీట మీద కూర్చుని ఆ పని చేసింది ఆయన భార్య. పెళ్లైన కొత్తలో ఆయనే నేర్పాడట. ఆయనవి లావు వేళ్లు, సన్నని తీగల మధ్యకు పోయేవి కావు. ఆమెవి కుట్టుపని చేసిన వేళ్లు. రెండేళ్లలో పని మొత్తం తెర అవతలికి వెళ్లిపోయింది, మాటలు మాత్రం ఇవతల మిగిలాయి.

గాజుల చప్పుడైతే గుట్టు బయటపడుతుంది. పైగా కరెంటున్న సెట్టులో గాజుల చెయ్యి పెట్టడం మంచిది కాదు. తీసేద్దామంటే అత్త ఊరుకోలేదు, మొగుడున్న మనిషి బోసి చేతులతో కూర్చోవడమేమిటని. అందుకని గాజుల మీదుగా పాత గుడ్డపేలిక బిగించి చుట్టుకొని పని చేసేది. అవసరం తీరి ఎన్నో ఏళ్లయినా, ఏదైనా తేల్చుకోవలసిన మాట వస్తే కుడి మణికట్టు మీద కొంగు చుట్టుకునే అలవాటు ఆమెకు పోలేదు. మాట తేలాక విప్పేది.

"ఊరోళ్లు శానా మంచోళ్లుమ్మా," అని చెప్పింది ఒకసారి. "రేడియో బాగా పాడిందంటే లోపల మేస్త్రీకి గూడా ఒక టీ పంపీండి అనేటోళ్లు. కొందరు బీడీకట్ట పెట్టిపోయేటోళ్లు. టీలు నేను తాగితి, బీడీలు ఆయన తాగె."

రుద్రవరం రైతొకాయన ఏకంగా సంబంధం మాట్లాడటానికి వచ్చాడట, మేస్త్రికి పెళ్లయిందా, మా మరదలుంది అని. సాయబు ఏ మాత్రం తడుముకోకుండా, "అయిందప్పా, పెండ్లాం పెద్ద గయ్యాళి" అన్నాడట. తెర లోపల ఆమె నోట్లో కొంగు కుక్కుకుని నవ్వు ఆపుకుందట. ఈ కథ నాకు కనీసం ఆరుసార్లు చెప్పింది. చెప్పినప్పుడల్లా గయ్యాళి అన్న మాట దగ్గర ఆగి నా నవ్వు కోసం చూసేది. చూసేది అనకూడదు, వినేది. నేను ఎరిగేనాటికే ఆమెకు నీటికాసులు ముదిరి రెండు కళ్లూ పోయాయి. ఇక రావని కర్నూలు డాక్టర్లు చెప్పేశారు.

నేను ఆమెను ఎరిగింది ఒక ఫ్యాను వల్ల. రెండేళ్ల కింద ఎండాకాలం మా హాల్లో ఫ్యాను నత్తనడక నడిచింది. ఎలక్ట్రీషియన్ రేపొస్తా, ఎల్లుండొస్తా అని వారం తిప్పాడు. నేను ఇరవై రెండేళ్లుగా జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నదాన్ని, నాకు నేనే మార్చుకోలేనా అని పౌరుషం వచ్చింది. నంద్యాలలో ఏదో మీటింగుకు వెళ్లినదాన్ని, బస్సుకు టైముంటే ఆ సందులోకి వెళ్లి కనిపించిన కొట్టులో, "ఫ్యానుకు కెపాసిటర్ ఉందా?" అని అడిగాను. సాయబు పోయాక ఆ ముందు గదిలో అద్దెకు దిగిన సెల్‌ఫోన్ మనిషి తెల్లమొహం వేశాడు.

తెర వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. "కండెన్సర్ అనుమ్మా. అట్లంటే యాడైనా ఇస్తారు."

"కెపాసిటర్ అన్నా అదేనండీ," అన్నాను నేను. మాట దిద్దే అలవాటు నాది.

"నువ్వేం పని చేస్తాండావ్?"

"ఫిజిక్స్ చెప్తాను. ఆళ్లగడ్డ కాలేజీలో."

"అయితే టంకం పెట్టనీకె వస్తాదా?"

"రాదు."

"మరి ఏం చెప్తాండావ్ పిల్లోళ్లకు?"

నాకు కోపం రావాలి. రాలేదు. ఇరవై రెండేళ్లలో బోర్డు మీద కొన్ని వందల కెపాసిటర్లు గీసి ఉంటాను, రెండు నిలువు గీతలు, అటొక అడ్డగీత, ఇటొక అడ్డగీత. ఒక్కదాన్ని చేత్తో పట్టుకొని చూడలేదు. ఆ మాట తెరతోనే చెప్పాను. ఆమె "లోపలికి రా" అంది.

లోపల మంచం, నీళ్ల కుండ, గోడకు చెక్క అలమార. అలమారలో ఒకే ఒక్క రేడియో. ముందర గుడ్డ జాలీ, కింద నాలుగు గుండీలు. ఏ కంపెనీదీ కాదు. ఎవరూ విడిపించుకోకుండా వదిలేసిన రెండు చచ్చిన సెట్లను విప్పి, అందులోవి కొన్నీ ఇందులోవి కొన్నీ కలిపి ఆమె తన కోసం కట్టుకున్నది. "కడమవన్నీ ఊరోళ్లవి. ఇదొక్కటే నాది," అంది. చూపు పోయిన ఏడాదే దానికీ గొంతు పోయింది. ఏం పోయిందో ఆమెకు తెలుసు. గాజు బుడ్ల లాంటి వాల్వులు బాగున్నాయి, కండెన్సర్లు ఎండిపోయాయి. తానే మార్చుకుందామంటే కళ్లు లేవు. వాల్వు సెట్టు ముట్టుకునే మనిషి ఇప్పుడు నంద్యాలలో లేడు.

"నీకు చదువుండాది, కండ్లుండాయి. నాకు పనుండాది. నేను పోయేలోగా అది ఒకపూట నిండా పాడాల. అంతే నాకు," అంది. కుడి చేతికి కొంగు చుట్టుకొని ఉంది.

అట్లా యాభై ఏళ్లకు రెండేళ్లు తక్కువ వయసులో నేను మళ్లీ విద్యార్థినయ్యాను. రెండో ఆదివారమూ నాలుగో ఆదివారమూ ఆళ్లగడ్డలో బస్సెక్కి నంద్యాల పోవడం, సాయంత్రం తిరిగి రావడం. మా ఆయన మొదట ఎగతాళి చేశాడు, తర్వాత టిఫిన్ డబ్బాలో ఆమెకూ రెండు రొట్టెలు పెట్టమని చెప్పాడు.

మొదటి రెండు సార్లూ రేడియోను ముట్టుకోనివ్వలేదు. తెగిన తీగముక్కలు ఇచ్చి ఒకదానికొకటి అతకమంది. అతికిన చోటల్లా బొటనవేలి గోటితో గీకి చూసేది. "ఇది చీమిడి," అనేది. మళ్లీ చేసేదాన్ని. "ఇదీ చీమిడే." మా కాలేజీలో నేను ఫెయిలైన పిల్లలతో అంత నిర్దయగా మాట్లాడను. సాయంత్రానికి ఒక అతుకు దగ్గర గోరు ఆగి, "ఊఁ, ఇది టంకం" అంది. నా పీహెచ్‌డీ సీటు పోయినప్పుడు ఏడవలేదు కానీ, ఆ పూట కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఎడమ చెయ్యి నడుముకు ఉండాలన్నది ఆమె మొదటి చట్టం. కరెంటున్న సెట్టులో ఒక్క చెయ్యే పెట్టాలి, రెండోది కొంగులో దోపుకోవాలి, రెండు చేతులూ పెడితే కరెంటు గుండె మీదుగా పోతుంది. ఇది నేనూ పాఠంలో చెబుతాను, కానీ నా రెండో చెయ్యి మాటిమాటికీ సెట్టు మీదికి వచ్చేది. నా నీడ కూడా కనిపించని మనిషి, "చెయ్యి తియ్" అనేది. ఎట్లా తెలిసిందంటే, "నీ ఊపిరి మారింది" అనేది. తను తినేటప్పుడూ, సెల్‌ఫోన్ మనిషిని తిట్టేటప్పుడూ కూడా ఆమె ఎడమ చెయ్యి నడుముకే ఉండేది.

రెండో చట్టం, సముదాయించడం. స్విచ్ తీసేసినా పెద్ద కండెన్సరు తన కడుపులో కరెంటు దాచుకొని ఉంటుంది. వేలు తగిలితే కాటేస్తుంది. అందుకు హోల్డరుకు రెండు తీగలున్న మామూలు బల్బు ఒకటి పెట్టుకుంది. ఆ తీగలు కండెన్సరు రెండు కొసలకూ ఆనిస్తే బల్బు ఒక్కసారి వెలిగి ఆరిపోతుంది, కండెన్సరు ఖాళీ అవుతుంది. దాన్నే ఆమె సముదాయించడం అనేది. నేను తీగలు ఆనించగానే, "మెరిసిందా?" అని అడిగేది.

"మెరిసింది పెద్దమ్మా."

"ఆరిందా?"

"ఆరింది."

అప్పుడు మాత్రమే తన వేళ్లు సెట్టులోకి పంపేది. నేను ఆరిందన్న మాట మీద. ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది, ఆ మనిషి ప్రతిసారీ నా నోటిమాట మీద తన ప్రాణం పెట్టేది.

పెద్ద కండెన్సరు మార్చింది నేనే, ఆమె పక్కన కూర్చుని చెబుతుంటే. ఏ కొస ఎటో మూడుసార్లు చెప్పించుకుంది. ఎదురు పెడితే పేలుతుందట. స్విచ్ వేశాం. వాల్వులు ఎర్రబడ్డాయి. అంతకుముందు బస్సు ఇంజన్‌లా గుర్రుమనేది, ఆ గుర్రు సన్నగిల్లి, దాని వెనక ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు ఒక ఆడమనిషి గొంతు వినిపించింది. ధరలు చదువుతోంది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆమె మాత్రం తల పక్కకు వంచి నిమ్మళంగా విని, "శెనగలు దిగినట్టుండాయే" అంది.

తర్వాత చెప్పింది. "కింద చిన్న కండెన్సర్లు ఉండాయి, మైనం గొట్టాలు. అవి మారిస్తే గొంతు నిలబడతాది. ఆళ్లగడ్డకు తీసకపో. ఒకటి తియ్, ఒకటి పెట్టు, స్విచ్చి వెయ్, ఫోన్లో నాకు వినిపియ్. ఆమీదనే ఇంగోటి. తొందరగా కావాలని ఎగబడొద్దు."

రేడియోను సోనా బియ్యం సంచిలో పెట్టుకొని బస్సెక్కాను. "ఏందమ్మా, మిక్సీనా?" అన్నాడు కండక్టర్. రేడియో అంటే నమ్మలేదు.

ఆ తర్వాతి ఆదివారం మా ఆయన పాణ్యంలో పెళ్లికి వెళ్లాడు. ఇంట్లో నేనొక్కదాన్నే. మా వీధి చివర శిల్పాలు చెక్కేవాళ్ల ఉలి చప్పుడు తప్ప వేరే సందడి లేదు. పని చేయడానికి ఇంతకంటే మంచి పూట ఉండదనుకున్నాను. సెట్టు బోర్లించి, అన్నిటికంటే జిడ్డుగా ఉన్న దాన్ని ముందు తీశాను. మైనం కరిగి కారి, పైన కాగితం మాడి, దాని మీద ఏం రాసి ఉందో కూడా కనిపించలేదు. ఆమె నేర్పినట్టే కడ్డీతో వేడి చేసి, అతుకు కరిగించి, కాళ్లు రెండూ నీటుగా ఊడదీశాను. ఆ చోటును స్పిరిట్‌తో తుడిచాను. అద్దంలా ఉంది. నా జీవితంలో అంత శుభ్రమైన పని చేయలేదు. ఆ కాలిన గొట్టాన్ని కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేశాను. చదవడానికి లేని దానితో ఏం పని అనుకున్నాను.

ఫోన్ చేస్తే కొట్టు మూసి ఉంది, ఎవరూ ఎత్తలేదు. కొత్తది ఏ సైజు పెట్టాలో తెలియదు. ఊరికే కూర్చోలేక తక్కినవాటి మీద ఉన్న అంకెలన్నీ నోట్‌బుక్కులో పట్టికగా రాశాను. వరుస సంఖ్య, విలువ, ఓల్టులు. రూళ్లకర్రతో గీతలు గీసి మరీ రాశాను. పట్టిక పూర్తయ్యేసరికి నాకు ధైర్యం వచ్చింది. ఒక్కొక్కటీ మార్చి, వినిపించి, మళ్లీ మార్చి, ఇదంతా చదువు లేనివాళ్ల పద్ధతి అనిపించింది. అవును, అట్లాగే అనిపించింది. కటింగ్ ప్లేయర్ తీసుకొని మిగిలినవన్నీ టకటకా కత్తిరించేశాను. అరగంట పని.

కత్తిరించాక సెట్టు వైపు చూశాను. ఎక్కడ చూసినా తెగిన తీగ కొసలు. ఏ విలువ ఏ చోటిదో నా పట్టికలో లేదు. విలువలు రాసుకున్నాను, చోట్లు రాసుకోలేదు. ఏ కంపెనీదీ కాని సెట్టుకు ఇంటర్నెట్లో వెతకడానికి బొమ్మ కూడా ఉండదు. అది ఆమె తలలో తప్ప ఇంకెక్కడా లేదు.

ఆ వారమంతా అన్నం సరిగ్గా తినలేదు. మళ్లీ బియ్యం సంచి, మళ్లీ బస్సు. ఆమె మంచం మీద కూర్చుని రేడియోను ఒళ్లోకి తీసుకుంది. వేళ్లు కిందికి వెళ్లాయి. కాసేపటికి ఆగాయి.

"ఏం జేసినావ్?"

"అన్నీ తీసేసినాను పెద్దమ్మా."

"అన్నీనా?"

"అన్నీ."

"కోడికి బొచ్చు పీకినట్ల పీకినావు గదమ్మా," అంది. గొంతు పెద్దది చేయలేదు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది. కొంగు చేతికి చుట్టుకుంది. "పాతవి పారేస్తివా?"

"లేదు. తెచ్చినాను." స్వీట్ల డబ్బాలో పెట్టి తెచ్చాను.

ఆమె మొహం తేటపడింది. డబ్బా ఒళ్లో పెట్టుకొని ఒక గొట్టాన్ని తీసి, దాని కాళ్ల కొసలు రెండు వేళ్లతో తడిమింది. "ఈ కాళ్లు నేనే వంచినా. ఇది ఇట్ల వంగి, మళ్ల అట్ల తిరిగింది సూడు, ఇది రెండో వాల్వు కింద కూకుంటాది. ఈడ తెగిన కొస వెతుకు." వెతికాను. ఉంది. ఆనించి చూస్తే తెగినచోటుకు తెగినచోటు సరిపోయింది. నాకు ఆమె కాళ్ల మీద పడాలనిపించింది. ఎప్పుడో వంచిన తీగ వంపు ఆ వేళ్లకు ఇంకా గుర్తుంది.

అన్నీ తడిమి మంచం మీద వరుసగా పేర్చింది. ఒకసారి లెక్కపెట్టింది. రెండోసారి లెక్కపెట్టింది.

"పదమూడుండాయి. పద్నాలుగుండాల."

చెత్తబుట్ట గుర్తొచ్చింది. చెప్పవలసింది రెండు మాటలు. ఒకటి పారేశాను, పెద్దమ్మా. ఇరవై రెండేళ్లు ఇంకొకరి తప్పులకు ఎర్రసిరాతో గీతలు గీసిన మనిషికి ఆ రెండు మాటలూ నోటికి రాలేదు. "పదమూడే ఉండె పెద్దమ్మా," అన్నాను.

"పద్నాలుగు పెట్టినా నేను."

"లేదు. నోట్‌బుక్కులో రాసుకున్నాను. పదమూడే." పేజీలు చప్పుడయ్యేలా తిప్పాను కూడా. ఆమెకు కనిపించదని తెలిసీ తిప్పాను.

ఆమె చేతికి చుట్టుకున్న కొంగు విప్పేసింది. "రాసుకున్నావా. అయితే నాకే మతి పాయనేమో," అంది.

అంతే జరిగింది. అరిచిందీ లేదు, అలిగిందీ లేదు. రాతకూ వేళ్లకూ మధ్య ఆమె రాతను నమ్మింది. ఆ రాత నాది కాబట్టి నమ్మింది.

తర్వాత నాలుగు నెలలపాటు ఆమె తడిమి చెప్పడం, నేను కొత్తవి అతకడం. పదమూడూ వాటి వాటి చోట్లకు చేరాయి. స్విచ్ వేశాం. వాల్వులు ఎర్రబడ్డాయి, సన్నని గుంయ్‌మనే మోత వచ్చింది, అంతే. ధరలు చదివిన గొంతు కూడా రాలేదు. "మోత ఉండాదంటే పానముండాది," అంది ఆమె. "ఈడిదాకా వచ్చి ఆగిపోతాంది. మధ్యలో ఏదో లేదు." తల ఎత్తి నా వైపు తిప్పింది. "ఏదో లేదుమ్మా."

ఏది లేదో నాకు తెలుసు. ఎక్కడ లేదో తెలియదు. నేను అంత శుభ్రంగా తుడిచిన చోటు తక్కిన చోట్లలో కలిసిపోయింది. ఇంకొకటి ఉండాలి అని ఆమె నమ్మి ఉంటే ఒక్క పూటలో ఆ చోటు పట్టుకునేది. పదమూడే అని నేను రాసి చూపించాను కాబట్టి, వాల్వు పోయిందేమో, ట్రాన్స్‌ఫార్మర్ పోయిందేమో అని లేని తప్పుల వెంట తిరిగింది. నేనూ ఆమె వెంట తిరిగాను, ఏమీ ఎరగనట్టు.

మెల్లగా నన్ను తిట్టడం మానేసింది. నా ఎడమ చెయ్యి సెట్టు మీదికి వచ్చినా ఏమీ అనలేదు. చీమిడి అతుకు పెట్టినా, "బాగుండాదేమోలేమ్మా, నాకేం తెలుస్తాది" అనేది. ఉప్పు వేశానా లేదా అని, మాత్ర వేసుకున్నానా లేదా అని సెల్‌ఫోన్ మనిషిని అడిగేది. వయసు మీద పడింది, అవన్నీ మామూలుగానే వచ్చి ఉండొచ్చు. నాకు మాత్రం అన్నీ ఆ పేజీల చప్పుడు దగ్గరే మొదలైనట్టు అనిపించేది.

చెబుదామని రెండుసార్లు బయల్దేరాను. మొదటిసారి సందు మొదట్లోకి వెళ్లి, మా కాలేజీ పిల్లాడి తల్లి ఒకామె ఎదురై పలకరిస్తే, ఆ సాకుతో వెనక్కి వచ్చేశాను. రెండోసారి నేరుగా మంచం పక్కనే కూర్చున్నాను. "పెద్దమ్మా, ఒక మాట" అన్నాను. ఆమె నా చెయ్యి వెతికి పట్టుకొని, "నువ్వు బాధపడగాకు. నాకు గుర్తుంటే నీకింత కష్టమే లేదు. సెట్టు నీ కాడ పెట్టుకో, ఎప్పుడన్నా మతికొస్తే ఫోన్ జేపిస్తా" అంది. సెట్టు తెచ్చుకున్నాను.

ఫోన్ చేయించేది. అది చెప్పకపోతే ఆమె సంగతి చెప్పినట్టు కాదు. "పెద్దమ్మ మాట్లాడతాదంట" అని ఆయన అనగానే బల్ల దగ్గరికి వెళ్లి తువ్వాలు తీసేదాన్ని. "స్విచ్చి వెయ్‌మ్మా," అనేది. వేసేదాన్ని. ఫోన్ రేడియో దగ్గర పెట్టేదాన్ని. గుంయ్‌మని మోత. అవతల ఆమె ఊపిరి. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. జ్వరమొచ్చిన మనిషి పక్కన కూర్చున్నట్టు ఊరికే వినేది. "సరే, ఆర్పేయ్. సముదాయించు," అనేది. బల్బు తీగలు ఆనించేదాన్ని.

"మెరిసిందా?"

"మెరిసింది పెద్దమ్మా."

మంగళవారం సెలవు పెట్టి వెళ్లి ఉండొచ్చు. ఆ సాయంత్రమే తీసుకెళ్తారని తెలుసు. వెళ్లలేదు. మూడో రోజు, గురువారం, రేడియోను బియ్యం సంచిలో పెట్టుకొని వెళ్లాను. ముందు గదిలో ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. సెల్‌ఫోన్ మనిషి లేచి నాకు కుర్చీ చూపించాడు. తెర అట్లాగే ఉంది. కూతురు తెర తీసుకుని బయటికి వచ్చింది. కొలిమిగుండ్ల నుంచి వచ్చినామె, నాకంటే చిన్నది. వేళ్లు తల్లివే.

"దాన్ని మేమేం జేసుకుంటాం మేడం. పాడదంట గదా. మీరే పెట్టుకోండి," అంది. ఎదురుగా కూర్చుని కళ్లు తుడుచుకుంది. "మీరంటే శానా ఇష్టం అమ్మకు. ఆకర్లో మతి లేకుండా పాయ మేడం. అదే బాధ. ఎంత గుర్తుండే మనిషి. వారం దినాల నుంచి పద్నాలుగు, పద్నాలుగు అంటాండె. మంచం మింద చేత్తో తడిమి తడిమి లెక్కబెడతాండె. పదమూడు కాడ ఆగి, మళ్ల మొదులుపెట్టేది. ఏందిమా పద్నాలుగు అంటే, పోనీలే, నాకు మతి లేదు అనేది."

కొట్టు ముందర ఎవరో ఛార్జర్ అడిగితే, ఈరోజు లేదప్పా అని ఆయన పంపేశాడు.

"మతి పోలేదు," అన్నాను. "పద్నాలుగే ఉండె. ఈ రేడియోలో కండెన్సర్లు. ఒకటి నేను పారేసినాను. పదమూడే అని మీ అమ్మకు అబద్ధం చెప్పినాను. ఆమె చెప్పిందే నిజం. ఆమెకు అంతా గుర్తుండె."

కూతురు నా మొహంలోకి చూసింది. తర్వాత రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది.

"మీరు మంచోళ్లు మేడం. పోయిన మనిషిని ఒక మాట అననీకుండా, తప్పు మీ మిందేసుకొని చెప్తాండారు."

"కాదమ్మా. నిజంగానే పారేసింది నేను."

"తెలుసు మేడం, తెలుసు," అని నా చెయ్యి నిమిరింది. "కూకోండి. టీ తాగిపోదురు."

ఆమె లోపలికి వెళ్లింది. కాసేపటికి తెర వెనక నుంచి ఒక చెయ్యి టీ గ్లాసు అందించింది. తీసుకుని తాగాను.